నలభై గీత

"...అయితే స్ట్రిప్పు అబద్ధం చెబుతోందా?"

"స్ట్రిప్పు సంగతి నాకు తెలీదు. నేను పెట్టలేదంటున్నాను, అంతే."

"నువ్వు పెట్టక, నేను పెట్టక, మరి దాని ఒంట్లోకి ఎలా వచ్చిందమ్మా? గాల్లోంచి ఊడిపడిందా?"

"గొంతు తగ్గించు. పిల్ల వింటుంది."

"విననీ. దానికీ తెలియాలిగా."

పిల్ల వింటూనే ఉంది. వంటగదికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు, తెర ఒక్కటే. తెరకి ఇవతల నేల మీద బోర్లా పడుకుని కాగితం మీద ఒక ఇల్లు గీస్తోంది. కిటికీకి రంగు వేస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళది. వాళ్ళమ్మమ్మ దాన్ని గువ్వ అని పిలుస్తుంది.

తెరకి అవతల వాళ్ళమ్మ, అమ్మమ్మ ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్ళమ్మ చేతిలో అగ్గిపుల్లంత వెడల్పు ప్లాస్టిక్ ముక్క ఉంది. ప్రతి ఆదివారం పొద్దున పిల్ల మూత్రంలో దాని కొసని ముంచి, పదిహేను అంకెలు లెక్కపెట్టి, డబ్బా మీద అచ్చువేసిన రంగుల పక్కన పెట్టి చూస్తారు. కొస వంకాయ రంగుకి తిరిగితే మంచిది. అంటే పిల్ల ఒళ్ళు నూనెనీ వెన్ననీ కాల్చుకుని బతుకుతోందని అర్థం. రంగు పాలిపోతే పిండో తీపో ఎక్కడో లోపలికి వెళ్ళిందని అనుకోవాలి. ఈ ఆదివారం కొస లేత గులాబీ దగ్గరే ఆగిపోయింది. పోయిన ఆదివారమూ అంతే.

"నీకు దాని మీద ప్రేమ లేదని నేను అనట్లేదు," అంది కూతురు, ఈసారి గొంతు తగ్గించే. "ప్రేమ ఉంది కాబట్టే భయం. అడిగితే కాదనలేవు. ఒక్క బిస్కెట్టే కదా అనుకునుంటావు."

"అనుకోలేదు."

"నువ్వు వంట చేతిలోకి తీసుకున్నాకే కదా ఇదంతా మొదలైంది."

ముసలామెకి ఆ మాటతో తలకొట్టేసినట్టయింది. పొయ్యి మీది గిన్నె దించి, అప్పటికే తుడిచి ఉన్న గట్టుని మళ్ళీ తుడిచింది.

పిల్లకి ఐదో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చింది. తర్వాత వారానికి ఐదూ ఆరూ రావడం మొదలుపెట్టాయి. ఒక మందు ఇచ్చారు, ఆగలేదు. రెండో మందు ఇచ్చారు, కొంత తగ్గాయి కానీ పిల్లే తగ్గిపోయింది. నడుస్తూ నిద్రపోతున్నట్టుండేది. నేర్చుకున్న అక్షరాలు మర్చిపోయింది. సొంత చెప్పులు ఏవో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడిపోయేది. అప్పుడు పెద్దాసుపత్రిలో ఈ నూనె భోజనం సంగతి చెప్పారు. అన్నం లేదు, రొట్టె లేదు, పండు లేదు, పంచదార పేరే ఎత్తకూడదు. గుడ్డు, మీగడ, కాస్త కూర, అన్నిటికంటే ఎక్కువ నూనె. ఏది ఎంతన్నది ఒక కాగితం మీద రాసిచ్చారు. ఇలాంటి పిల్లలకి ఇది మందుతో సమానం, చిటికెడు తేడా కూడా రాకూడదన్నారు.

రెండో నెలకల్లా మూర్ఛలు ఆగాయి. రెండో మందు కూడా మెల్లగా మాన్పించారు. పిల్ల అక్షరాలు మళ్ళీ నేర్చుకుంది, ఎక్కాలు వచ్చాయి, పక్కింటావిడతో పోట్లాడేంత నోరూ వచ్చింది. నాలుగు నెలలు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు ఈ మూడు వారాల్లో మూడు. ఆఖరిది నిన్న శనివారం, బడిలో బొమ్మల క్లాసులో. పక్కన కూర్చున్న పిల్లలు భయపడి బెంచీలు ఎక్కేశారట.

శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళాలి. డైట్ పనిచేయట్లేదని తేలితే ఆపేస్తారు, ఆపితే మళ్ళీ మందులే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పిల్లకి కూడా తెలుసు.

ముసలామె కూతురింటికి వచ్చి మూడేళ్ళయింది. అంతకుముందు ఇరవై ఏడేళ్ళు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసింది. భర్త పోయిన ఏడాది గిన్నెలు తోమే పనికి చేరింది. పూటకి ఎనిమిది వందల మందికి వంట. కూరలు తరగడం, పిండి కలపడం అన్నీ దాటుకుని చివరికి నూనె డ్రమ్ము దగ్గర నిలబడింది. ఎందుకంటే ఆమె చెయ్యి వణకదు. లీటరు కొలతపాత్ర డ్రమ్ములో ముంచి పైకి తీస్తే, అంచు దాకా నిండి ఉండేది, ఒక్క చుక్క నేల మీద పడేది కాదు. కార్మికులు ఆమెకి లీటరమ్మ అని పేరు పెట్టారు.

"లీటరమ్మా, నీ చెయ్యి ఎప్పుడూ జారదా?" అని అడిగేవాళ్ళు వరసలో నిలబడి.

"జారితే డ్రమ్ములోనే పడుతుంది నాయనా, నీ పళ్ళెంలో కాదు. ఆశపడకు, జరుగు."

డ్రమ్ము దగ్గర మొదటి రోజున వంటమేస్త్రి ఆమెకి ఒకే పాఠం చెప్పాడు. పొడి సరుకంతా కాటా మీద, తడి సరుకంతా కొలతపాత్రతో. రెండూ కలగాపులగం చేశావో వంట చెడుతుంది, నా నోరూ చెడుతుంది అన్నాడు. ఆమె రిటైరయ్యేదాకా ఆ గీత దాటలేదు. రిటైరైన రోజున వాళ్ళు ఆమెకి శాలువా కప్పి, ఆమె రోజూ పట్టుకున్న ఆ లీటరు పాత్రనే తోమించి, కాగితం చుట్టి ఇచ్చారు. అది ఇప్పుడు కూతురింటి వంటగదిలో పై అరమీద ఉంది. అందులో ఏమీ పోయదు. రెండు మూడు రోజులకోసారి తీసి తుడుస్తుంది.

మొదట్లో పిల్ల తిండి కూతురే తూచేది. పొద్దున్నే లేచి చిన్న కాటా మీద గుడ్డు, క్యాబేజీ, మీగడ, నూనె అన్నీ తూచి, మూడు పూటలకీ మూడు డబ్బాలు కట్టి కుట్టుపని ఫ్యాక్టరీకి వెళ్ళేది. అల్లుడు దూరం వెళ్ళే బస్సు నడుపుతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ రెండు రోజులూ నిద్రపోతాడు. రెండు నెలల కిందట కూతురి షిఫ్టు ఆరింటికి మారింది. అప్పుడు తల్లి, "కాగితం నాకివ్వు. నేను చూసుకుంటాను," అంది. ఏళ్ళ తరబడి కొలిచిన మనిషి. కూతురు నిశ్చింతగా ఇచ్చేసింది.

సోమవారం సాయంత్రం కూతురు పని నుంచి వస్తూ ఒక చిన్న తాళం తెచ్చింది. పంచదార, పిండి, అల్లుడి కోసం ఉంచిన బిస్కెట్లు అన్నీ ఒకే అలమరాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తన మెడలో గొలుసుకి తగిలించుకుంది. తల్లి చూస్తూనే ఉంది. క్యాంటీన్‌లో సరుకుల గది తాళాలు పదేళ్ళు తన నడుముకే వేలాడాయి. ఆ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి. టీ కావాలంటే కూతురు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంది.

నిజానికి ఆమెకీ పిల్ల మీద అనుమానం లేకపోలేదు. తను పెట్టలేదన్నది తనకి తెలుసు. కూతురు పెట్టదు. మిగిలింది పిల్లే. మంగళవారం పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు బడి సంచీ దులిపింది. పుస్తకాలు, విరిగిన స్కేలు, అడుగున గుడ్డలో చుట్టిన ఒక రబ్బరు. పండు ఆకారంలో ఉంది, పండు వాసన వేస్తోంది. దాని మీద పంటిగాట్లు లేవు. వాసన చూసుకుంటోందన్నమాట. ముసలామె దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మళ్ళీ మొదలైంది. కూతురు పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతోంది.

"నేను తిట్టను. కొట్టను. నిజం చెప్పు చాలు. బడిలో ఎవరైనా ఇచ్చారా?"

"లేదు."

"అమ్మమ్మ ఇచ్చిందా?"

"లేదమ్మా."

"దాన్నెందుకే మాటిమాటికీ పొడుస్తావు," అంది ముసలామె. "ఏడిపిస్తే దానికి మళ్ళీ వస్తుంది."

"నువ్వు మధ్యలో రాకు. నీకేం, పెట్టలేదని చెప్పి తప్పుకుంటావు. రేపు ఆ మందులు వేస్తే పిల్ల మళ్ళీ నన్నే గుర్తుపట్టకపోతే..."

పిల్ల అమ్మ మొహం వైపు, అమ్మమ్మ మొహం వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత నేల చూపులు చూస్తూ, "తిన్నాను," అంది. "బిస్కెట్టు. బడిలో. మూడు."

ఇల్లు ఒక్కసారిగా నెమ్మదించింది. కూతురు పిల్ల తల నిమిరి, ఇంకెప్పుడూ తినకు అంది. చాలా రోజుల తర్వాత తల్లికి తనే టీ పెట్టి ఇచ్చింది. ముసలామె టీ తాగింది గానీ రుచి తెలియలేదు. పిల్ల తిన్నానన్నప్పుడు దాని గొంతు, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టుంది.

బుధవారం పొద్దున కూతురు తెల్లవారక ముందే లేచి, పాత రోజుల్లోలాగే అన్నీ తూచి డబ్బాల్లో పెట్టి వెళ్ళింది. "ఈ మూడు రోజులూ నేనే చేస్తానులే. నీకూ కాస్త విశ్రాంతి," అంది చెప్పులేసుకుంటూ. ఏం విశ్రాంతో ఇద్దరికీ తెలుసు.

పిల్ల ఒక పూట తిని, ఒక డబ్బా పట్టుకుని బడికెళ్ళింది. రాత్రి భోజనం డబ్బా మిగిలింది. పక్కనే ఒక చిన్న సీసాలో నూనె. సీసా మీద కాగితం ముక్క అంటించి కూతురు "40" అని రాసింది.

ముసలామె ఆ సీసాని వెలుతురులో పెట్టి చూసింది. ఎక్కువున్నట్టనిపించింది. ఏళ్ళ తరబడి నూనె మట్టం చూసిన కన్ను అది. రోజూ తను కొలిచే నలభై ఇంత ఉండదు.

తను కొలిచేది మందుల షాపులో కొన్న గాజు కప్పుతో. దాని మీద రెండు, నాలుగు, ఆరు అంటూ అరవై దాకా గీతలున్నాయి. వంట చేతిలోకి తీసుకున్న మొదటి వారంలో కాటా మీద నూనె తూస్తుంటే రెండు చుక్కలు కారి సందులోకి దిగాయి. అంకెలు పిచ్చెత్తినట్టు గంతులేశాయి. ఒక రోజంతా ఎండలో పెడితే గానీ దారికి రాలేదు. పిల్ల బతుకు ఆ కాటా మీద ఉంది. దానికి నూనె తగలకూడదని తనే వెళ్ళి ఆ కప్పు కొనుక్కొచ్చింది. గుడ్డూ కూరా మీగడా కాటా మీద, నూనె కప్పుతో. కూతురు ఆ కప్పుని చూసింది గానీ పిల్లకి మందు పట్టడానికనుకుంది.

సీసాలో నూనెని మెల్లగా కప్పులోకి వంచింది. నలభై గీత దాటింది. నలభై రెండు దాటింది. నలభై నాలుగు దగ్గర ఆగింది.

ఆమె పెదవి మీదికి ఒక నవ్వు వచ్చింది. ఎంత కాదన్నా అది గెలుపు. నన్ను పక్కకి పెట్టి తూచావే, నీ చెయ్యే జారింది చూశావా అనుకుంది. సాయంత్రం ఏమీ అనకుండా కప్పు ముందు పెడితే చాలు.

కానీ పిల్లకి నాలుగు ఎక్కువ పోయడం కూడా తప్పే. సరిచేద్దామని కాటా తీసింది. నూనెని మళ్ళీ సీసాలోకి వంచి, ఖాళీ కప్పు పెట్టి సున్నా చేసి, ఆ నూనె పోసింది. కాటా నలభై చూపించింది.

కాటా మళ్ళీ పాడైందనుకుంది. కప్పు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నలభై గీత దాకా నీళ్ళు పోసి పెట్టింది. నలభై. నీళ్ళు పారబోసి, తుడిచి, మళ్ళీ పోసింది. నలభై. కాటా బాగుంది. కప్పూ బాగుంది. అప్పుడు నూనె డబ్బా తెరిచి, రెండు నెలలుగా రోజుకి మూడుసార్లు పోస్తున్నట్టే, కంటిని గీతకి సమానంగా దించి, నలభై గీత దాకా నూనె పోసింది. కాటా మీద పెట్టింది.

ముప్పై ఆరు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. ముప్పై ఆరే. మళ్ళీ పోసి చూసింది. అంతే.

గోడకి అంటించిన ఆసుపత్రి కాగితం దగ్గరికి వెళ్ళింది. నూనె, 40, దాని పక్కన చిన్నగా "గ్రా." ఆ కాగితాన్ని రెండు నెలల్లో నూట ఎనభై సార్లు చూసి ఉంటుంది. నలభై అన్న అంకెనే చూసింది.

స్టూలు లాక్కుని కూర్చుంది. పై అరమీద లీటరు పాత్ర కనిపిస్తోంది. చాలా ఏళ్ళ కిందటి ఒక పొద్దున గుర్తొచ్చింది. డ్రమ్ములు మానేసి ఫ్యాక్టరీవాళ్ళు నూనె డబ్బాలు తెప్పించడం మొదలుపెట్టిన రోజు. డబ్బా మీద పదిహేను అని పెద్ద అంకె. ఆమె ఈ పాత్రతోనే కొలిచి జాడీలోకి పోసింది. పదిహేను పాత్రలు వచ్చాయి. తర్వాత పదహారోది వచ్చింది. ఇంకా సగం దాకా మిగిలింది. పరుగెత్తుకెళ్ళి మేస్త్రికి చెప్పింది, ఈ కొట్టువాడెవడో ధర్మాత్ముడు, లీటరున్నర కొసరేశాడని. మేస్త్రి గరిటె పక్కన పెట్టి, "ఎవరికీ చెప్పకు. తెలిస్తే తగ్గించేస్తాడు," అన్నాడు. పదకొండేళ్ళు వాళ్ళిద్దరూ ఆ కొసరు రహస్యం దాచారు. అంకె కింద కిలోలు అన్న మాట కూడా ఉండే ఉంటుంది. నూనె నీళ్ళ కంటే తేలికని ఆమెకి తెలియదా? పులుసులో తేలే నూనెని ఎనిమిది వందల పళ్ళేలలో రోజూ చూసింది. చూసింది, అంతే.

పూటకి నాలుగు. రోజుకి పన్నెండు. అరవై రోజులు. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది. ఇంత నూనె పిల్ల నోటి దగ్గరి నుంచి తనే తీసేసింది. ఎంతో శ్రద్ధగా, కంటిని గీతకి దించి మరీ.

సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చాక దగ్గర కూర్చోబెట్టుకుంది.

"గువ్వా, ఆ బిస్కెట్లు ఎవరిచ్చారే?"

"ఎవరో."

"ఏ రంగు బిస్కెట్లు?"

పిల్ల ఆలోచించింది. "బిస్కెట్టు రంగు."

"తినలేదు కదూ."

పిల్ల గౌను అంచుని వేలికి చుట్టుకుంది. తర్వాత, "తిన్నానంటే మీరు ఆపేస్తారనుకున్నా," అంది. "ఆపేశారు కూడా. నువ్వు మళ్ళీ అమ్మకి చెప్పి మొదలెట్టకు అమ్మమ్మా."

ముసలామె పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది.

ఆ సాయంత్రమే కూతురికి చెప్పాలనుకుంది. కూతురు వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, అలసటగా గోడకి జారగిలబడింది. చెప్పలేదు. గురువారం చెబుదామనుకుంది. గురువారం సాయంత్రం కూతురు ఆదివారం దాకా ఆగలేక ఇంకో స్ట్రిప్పు తీసి పిల్లని పరీక్షించింది. కొస కాస్త ముదిరింది. ఇంకా వంకాయ రంగు కాదు గానీ గులాబీ కాదు.

"చూశావా," అంది కూతురు, మెడలో తాళంచెవి తడుముకుంటూ. "రెండు రోజులు బిస్కెట్లు మానితేనే ఇంత తేడా. అమ్మా, నిన్ను ఏదేదో అన్నాను. మనసులో పెట్టుకోకు. దాని పని అని నాకేం తెలుసు."

తప్పుకోడానికి అదీ సందు. నోరు మూసుకుంటే చాలు. రేపటి నుంచి తను కూడా కాటా మీదే తూస్తుంది. రంగు ముదురుతుంది. బిస్కెట్లు మానడం వల్లే బాగైందని ఇల్లంతా అనుకుంటుంది. లీటరమ్మ చెయ్యి జారిందని లోకంలో ఒక్కరికీ తెలియదు. పిల్లది మూడు బిస్కెట్ల దొంగతనం, అది కూడా కాలం గడిస్తే నవ్వుకునే మాటవుతుంది.

"మనసులో ఏం పెట్టుకుంటాను," అంది ముసలామె. లోపలికెళ్ళి పడుకుంది.

శుక్రవారం ఆసుపత్రిలో పొడుగాటి వసారా, గోడ వెంట బల్లలు. డైట్ మేడమ్ గది చివర్న. మేడమ్ బహుశా ముప్పై ఏళ్ళ మనిషి, తక్కువ మాటలు మాట్లాడుతుంది. బల్ల మీద ఒక కాటా, మైనం గుడ్డు, మైనం కూర ముక్కలు, తల్లులకి చూపించడానికి. కూతురు స్ట్రిప్పుల రంగులు రాసిన పుస్తకం ముందు పెట్టింది. మేడమ్ పేజీలు తిప్పింది.

"రెండు నెలలుగా తగ్గుతూ వచ్చింది. ఏం జరిగింది?"

"బడిలో బిస్కెట్లు తింటోందండి. మొన్న తనే ఒప్పుకుంది."

మేడమ్ పిల్ల వైపు చూసింది. పిల్ల బల్ల అంచుని గోటితో గీకుతోంది.

"ఇది తిట్టాల్సిన సంగతి కాదు. ఈ వయసులో ఇంత కఠినమైన తిండి కష్టమే," అంది మేడమ్. "కానీ దాచుకుని తినడం మొదలైతే ఈ డైట్‌తో లాభం లేదు. ఒకపక్క నూనె, ఒకపక్క తీపి, రెండిటికీ చెడుతుంది. నేను డాక్టర్ గారితో మాట్లాడతాను. బహుశా ఆపేసి కొత్త మందు రాస్తారు."

"ఆ మందు వేస్తే మళ్ళీ మత్తుగా..."

"కొంత ఉంటుందమ్మా. తప్పదు."

మేడమ్ పెన్ను తీసుకుంది. ముసలామె అప్పటిదాకా గోడ పక్క కుర్చీలో ఉంది. లేచి బల్ల దగ్గరికి వచ్చింది. చేతిసంచీలోంచి గాజు కప్పు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత నూనె సీసా.

"పిల్ల ఏమీ తినలేదమ్మా. మేం పోట్లాడుకుంటుంటే ఆపడానికి తిన్నానంది. మీ కాటా ఒకసారి ఇటు జరపండి."

"అమ్మా, ఏంటిది," అంది కూతురు.

ముసలామె వినిపించుకోలేదు. కప్పు కాటా మీద పెట్టి సున్నా చేసింది. కంటిని గీతకి దించి నలభై దాకా నూనె పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు.

"గువ్వా, ఎంతుందో చదువు."

పిల్ల తలెత్తి చూసింది. "ముప్పై ఆరు."

"కప్పు మీద?"

"నలభై."

బయట ఎవరి పేరో పిలుస్తున్నారు.

"రెండు నెలలుగా మూడు పూటలా ఇంతే పోశాను," అంది ముసలామె. "కాగితం మీద గ్రాములని ఉంది, కప్పు మీదివి మిల్లీలీటర్లు. నేను చదవడం రాని దాన్ని కాదు. నలభై ఒక్కటే చదివాను. క్యాంటీన్‌లో జీవితమంతా నూనె కొలిచానమ్మా, తూచలేదు. పొడిది తూకం, తడిది కొలత, అదే తెలుసు. బుధవారం మా అమ్మాయి తూచిన నూనె చూస్తే తెలిసింది. బుధవారం తెలిసి ఇవాళ చెబుతున్నాను. అది కూడా నా తప్పే."

కూతురు కప్పు వైపే చూస్తోంది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి తాళంచెవిని పట్టుకుంది, వదిలేసింది.

మేడమ్ కప్పుని చేతిలోకి తీసుకుని గీతల్ని చూసింది. కాగితం మీద ఏదో లెక్క వేసింది. "పదింట ఒక వంతు తక్కువ," అంది తనలో తాను అనుకున్నట్టు. తర్వాత, "ఈ రంగు తగ్గడానికి అది సరిపోవచ్చు. మూర్ఛలు రావడానికి కూడా. ఖాయంగా చెప్పలేను. నూనె దేంతో కొలుస్తున్నారో నేను మిమ్మల్ని అడగాల్సింది. ఎవరినీ అడగలేదు," అంది. లేచి, పిల్ల పుస్తకం పట్టుకుని డాక్టర్ గదికి వెళ్ళింది.

ముగ్గురూ మిగిలారు. పిల్ల కప్పులో నూనెని తొంగి చూస్తోంది.

"బుధవారమే చెప్పొచ్చు కదమ్మా," అంది కూతురు.

"చెప్పొచ్చు."

"నిన్న నేను నీకు సారీ చెప్పినట్టు మాట్లాడాను. అప్పుడైనా."

"అప్పుడే చెప్పలేకపోయాను."

కూతురు పిల్లని దగ్గరికి లాక్కుంది. "నువ్వు ఎందుకే తిన్నానన్నావు?" అంది. దాని భుజం మీద చెయ్యి అలాగే ఉంచింది.

మేడమ్ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎనిమిది వారాలు చూద్దామన్నారని చెప్పింది. కొత్త మందు ఇప్పుడు వద్దు. నూనె కచ్చితంగా తూకంతోనే వెయ్యాలి, రంగు రెండు రోజులకోసారి రాయాలి. ఎనిమిది వారాల్లో మూర్ఛ వస్తే ఇంక ఆపేస్తారు. సొరుగులోంచి ఒక ఫారం తీసి నింపడం మొదలుపెట్టింది. వయసు, బరువు, నూనె ఎన్ని గ్రాములు. గ్రాములు అన్న మాటని పూర్తిగా రాసి కింద గీత గీసింది.

ఒక గడి దగ్గర ఆగింది.

"ఇంట్లో తూకం ఎవరు వేస్తారు? ఒక్కరే ఉండాలి. ఇద్దరు చేతులు పెడితే లెక్క తప్పుతుంది. ఏదైనా తేడా వస్తే నేను వాళ్ళనే అడుగుతాను. పేరు అక్కర్లేదు, వరస చెప్పండి."

ముసలామె కప్పుని గుడ్డతో తుడుస్తోంది. నూనె గాజుకి పట్టుకుని వదలట్లేదు. తుడిచి సంచీలో పెట్టబోయి, ఆగి, మేడమ్ బల్ల మీదే మైనం గుడ్డు పక్కన పెట్టేసింది. తర్వాత కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది.

కూతురు ఫారం వైపు చూసింది. పొద్దున ఆరింటి షిఫ్టు గురించి ఏదో చెప్పబోయింది, చెప్పలేదు.

"అమ్మమ్మ అని రాయండి," అంది.